ఆరోగ్యశ్రీ కార్డుతో పెద్దాపరేషన్: పరిమితి ఎన్ని లక్షలని కాదు, ప్యాకేజీ కోడ్ ఏదని అడగండి

"పథకంలో పాతిక లక్షలని చెప్పారు కదండీ, మరి మా దగ్గర ముప్పై వేలు ఎందుకు కట్టమంటున్నారు?" విశాఖలో ఏ పెద్దాసుపత్రి హెల్ప్ డెస్క్ దగ్గర నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. ఆ పాతిక లక్షలు ఒక కుటుంబానికి ఏడాదిలో అయ్యే చికిత్సలన్నింటి మీద గరిష్ఠ పరిమితి. ఆసుపత్రికి చేరేది ఆ మొత్తం కాదు. మీకు చేసే ఆపరేషన్‌కు ఒక కోడ్ ఉంటుంది, ఆ కోడ్‌కు ముందే నిర్ణయించిన ఒక రేటు ఉంటుంది. ఆ రేటునే ప్యాకేజీ అంటారు. అప్రూవల్ వచ్చేది కోడ్‌కే, ఆగిపోయేది కోడ్ దగ్గరే, "మీరు ఇంకో ఆసుపత్రికి వెళ్లండి" అనిపించేది కూడా ఆ కోడ్‌కున్న రేటే. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా వ్యవహారం సగం అర్థమైనట్టే.

పథకం పేరు మారుతూ వచ్చింది. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది. తొలి మూడు జిల్లాల్లో మన పక్కనున్న శ్రీకాకుళం ఒకటి. రాష్ట్రం విడిపోయాక ఎన్టీఆర్ వైద్య సేవ, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. జనం నోట్లో మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే, ఇక్కడా అలాగే అంటున్నాం. పేరు మారినప్పుడల్లా పాత కార్డు చెల్లదేమోనని భయపడే పెద్దవాళ్లున్నారు. చూసేది కార్డు మీది బొమ్మను కాదు, ఆధార్, రైస్ కార్డు నంబర్లతో ఆన్‌లైన్‌లో దొరికే వివరాలను.

చెల్లింపుల తీరు ఎటు పోతోందో కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే మీ ఆపరేషన్ తేదీ దాని మీదే ఆధారపడుతుంది. కుటుంబ పరిమితి మొదట్లో లక్షన్నర, అవసరమైతే మరో 50,000. తర్వాత రెండున్నర లక్షలు, అయిదు లక్షలు, 2023 డిసెంబరులో 25 లక్షలు. చికిత్సల జాబితా తొలి రెండేళ్లలోనే 942కు చేరి, ఇప్పుడు 3,257 అయింది. అంటే పరిమితి, జాబితా రెండూ పెరుగుతూ వచ్చాయి. కోడ్ మీది రేటు అదే వేగంతో పెరగలేదు, బిల్లు సొమ్ము ఆసుపత్రికి చేరే వేగమూ పెరగలేదు. బకాయిల కోసం పథకంతో ఒప్పందమున్న ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు 2024లోనూ 2025లోనూ సేవలు ఆపడానికి కారణం ఇదే. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త పద్ధతికి ఆమోదం తెలిపింది: రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆపైన పాతిక లక్షల దాకా పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు చెల్లిస్తాయి, ముందస్తు అనుమతి 6 గంటల్లో ఇవ్వాలి. ఆరంభంలో బీమా కంపెనీ, ఆ తర్వాత ట్రస్టు, ఈ నిర్ణయం ప్రకారం ఇక రెండూ కలిపి. రోగి వైపు నుంచి చూస్తే దీని అర్థం ఒక్కటే, కాగితాల తనిఖీ ఇంకా గట్టిపడుతుంది. బీమా కంపెనీ ఏ కాగితం లేకపోయినా ఊరుకోదు.

ముందు ఫోను, తర్వాత ప్రయాణం

పాడేరు నుంచో పలాస నుంచో బయలుదేరే ముందు పథకం హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేయండి. అడగాల్సినవి మూడు. ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందా? ఉంటే ఈ జబ్బు విభాగానికి ఉందా? ఆ విభాగంలో ఇప్పుడు కేసులు తీసుకుంటున్నారా? చాలామంది మొదటి ప్రశ్నతో ఆగిపోతారు. ఎముకల విభాగానికి నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి గుండె విభాగానికి ఉండాలని లేదు. ఉన్నా, సర్జన్ మానేసినందువల్లో, తనిఖీలో తప్పు దొరికినందువల్లో ఆ విభాగాన్ని తాత్కాలికంగా ఆపి ఉండొచ్చు. గేటు మీది బోర్డు ఇవన్నీ చెప్పదు.

విశాఖలో దారులు ఇవి. దాదాపు అన్ని విభాగాలూ ఉన్న పెద్ద ప్రభుత్వాసుపత్రి మహారాణిపేటలోని కేజీహెచ్. సూపర్ స్పెషాలిటీలకు హనుమంతవాకలోని విమ్స్ ఉంది. క్యాన్సర్‌కు అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి. చెవి, ముక్కు, గొంతుకు, కళ్లకు చినవాల్తేరులో వేర్వేరు ప్రభుత్వాసుపత్రులున్నాయి. వీటితోపాటు నెట్‌వర్క్ ప్రైవేటు ఆసుపత్రులు. కొన్ని ఆపరేషన్లకు అనుమతి ప్రభుత్వాసుపత్రులకే ఉంటుంది. అవసరం లేకపోయినా చేసేస్తారన్న అనుమానమున్న ఆపరేషన్లను అలా ఉంచారు, గర్భసంచి తొలగింపు అందులో ముఖ్యమైనది. ప్రైవేటులో "మీది ఇక్కడ అవదు" అన్నారంటే అన్నిసార్లూ నిర్లక్ష్యం కాదు, కోడ్ అక్కడ తెరుచుకోకపోయి ఉండొచ్చు.

ప్రభుత్వాసుపత్రిలో ఎలాగూ ఉచితమే కదా, కార్డు ఎందుకు అనుకోకండి. కార్డు కింద కేసు నమోదైతే ప్యాకేజీ సొమ్ము ఆ ఆసుపత్రి ఖాతాకు వస్తుంది. ఇంప్లాంట్లు, స్టెంట్లు కొనేది దానితోనే. నమోదు కాకపోతే ప్లేటు, స్క్రూ బయట కొని తెమ్మనే పరిస్థితి మీకే వస్తుంది.

పేరులో ఒక్క అక్షరం

ఆపరేషన్ ఆగిపోవడానికి వైద్యం కంటే ఇదే తరచు కారణం. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, రైస్ కార్డులో ఇంకొకటి. కొత్త కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉండటం. కార్డు విడదీసుకున్న కొడుకు దగ్గర తండ్రి ఉండటం, తండ్రి పేరు అన్న కార్డులో ఉండటం. ఆపరేషన్ అవసరమని డాక్టరు అన్న రోజే వార్డు లేదా గ్రామ సచివాలయానికి వెళ్లి సరిచేయించడం మొదలుపెట్టండి. కోడలి విషయంలో, అంత సమయం లేకపోతే, పుట్టింటి కార్డు మీదే కేసు నడిపించడం సులువు. పసిబిడ్డకు ఆపరేషన్ అయితే జనన ధ్రువపత్రం, తల్లి కార్డు, తల్లిదండ్రులతో బిడ్డ ఫొటో సిద్ధంగా పెట్టుకోండి. వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్ల ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉందో లేదో ముందే చూడండి. ఆ ఫోను రోగి దగ్గరో, తోడున్న మనిషి దగ్గరో ఉండాలి. ఊళ్లో మనవడి దగ్గర ఉంటే ఓటీపీ కోసం పూట గడిచిపోతుంది.

ఏ ఆపరేషన్‌కు ఏ కాగితం

అనుమతి ఇచ్చే డాక్టరు రోగిని చూడడు, అప్‌లోడ్ చేసిన కాగితాలనే చూస్తాడు. వాటిలో కనపడని జబ్బు ఆయన లెక్కలో లేనట్టే.

గుండెకు స్టెంట్ వేయాలంటే ఈసీజీ, ఎకో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, అన్నిటికంటే ముఖ్యంగా యాంజియోగ్రామ్ రిపోర్టు, దాని సీడీ. రిపోర్టులో ఏ రక్తనాళంలో ఎంత శాతం అడ్డంకి ఉందో రాసి ఉండాలి. "బ్లాకులున్నాయి" అని మాత్రమే రాసిన కాగితం వెనక్కి వస్తుంది. సీడీ మీదే అడిగి తీసుకుని, కంప్యూటర్లో తెరిచి బొమ్మ వస్తోందో లేదో చూసుకోండి. ఖాళీ సీడీలు, గీతలు పడ్డ సీడీలు తక్కువేమీ కాదు. బైపాస్‌కు వీటితోపాటు ఊపిరితిత్తుల పరీక్ష, మెడ రక్తనాళాల డాప్లర్ కూడా అడుగుతారు. మూడు నాళాల్లోనూ అడ్డంకి ఉన్న రోగికి స్టెంట్ల కోసం పెడితే బైపాస్ ఎందుకు కాదని ప్రశ్న వస్తుంది. అప్పుడు గుండె సర్జన్ అభిప్రాయం రాతపూర్వకంగా ఉండాలి.

మెదడు, వెన్నెముక ఆపరేషన్లకు ఎంఆర్ఐ రిపోర్టు ఒక్కటే చాలదు, ఫిల్ములు కావాలి. ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి పంపితే వెలుతురు పడి ఏమీ కనపడదు. తెల్లటి లైటు పెట్టె మీద ఉంచి తీయమని అడగండి. వెన్నుకైతే మందులతో, ఫిజియోథెరపీతో ఎన్నాళ్లు ప్రయత్నించారో కేస్ షీట్‌లో ఉండాలి. ఆ పాత చీటీలు పారేయకండి.

క్యాన్సర్‌కు బయాప్సీ రిపోర్టు లేనిదే ఏదీ కదలదు. బయట ల్యాబులో చేయించి ఉంటే స్లైడ్లు, తీసిన ముక్కను ఉంచిన మైనపు దిమ్మలు కూడా తెచ్చుకోండి. చాలాచోట్ల మళ్లీ చదివిస్తారు, అవి లేకపోతే సూది పోటు మళ్లీ తప్పదు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ వేర్వేరు కోడ్‌లు. ఒకదానికి అనుమతి వచ్చిందంటే మిగతావాటికీ వచ్చినట్టు కాదు.

పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ అయితే బెరా, ఓఏఈ అనే వినికిడి పరీక్షలు, చెవి ఎముక సీటీ, ఎంఆర్ఐ కావాలి. ఇక్కడ వయసుకున్న విలువ ఇంకెక్కడా లేదు. మాట నేర్చుకునే వయసు దాటాక ఇంప్లాంట్ పెట్టినా ఫలితం తగ్గిపోతుంది, అందుకే పథకంలోనూ వయసు చూస్తారు. బిడ్డ పిలిస్తే పలకడం లేదని అనుమానం వచ్చిన నెలలోనే పరీక్ష చేయించండి.

కిడ్నీ మార్పిడికి డబ్బు అనుమతి ఒకటి, చట్టం అనుమతి మరొకటి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతామామ్మలు, మనవలు. బావమరిది, పెదనాన్న కొడుకు ఈ జాబితాలో రారు. వాళ్లిస్తే అనుమతి కమిటీ ముందుకు వెళ్లాలి. బంధుత్వం రుజువు చేసే కాగితాలకే వారాలు పడతాయి గనుక డయాలసిస్ మొదలైనప్పుడే ఆ పని మొదలుపెట్టడం మంచిది.

పెండింగ్ వేరు, రిజెక్ట్ వేరు

ఆసుపత్రిలో చేరాక హెల్ప్ డెస్క్‌లో ఉండే వైద్య మిత్ర కేసు నమోదు చేస్తారు, డాక్టరు కోడ్ పెడతారు, ముందస్తు అనుమతికి పంపుతారు. దీన్నే ప్రీఆథ్ అంటారు. జవాబు మూడు రకాలు. అప్రూవ్ అయితే సరే. పెండింగ్ అంటే ఏదో కాగితం అడిగారు, పంపితే కదులుతుంది. రిజెక్ట్ అంటే ఆ కోడ్‌కు ఆ కారణంతో ఇవ్వరు. రోగికి మాత్రం మూడు సందర్భాల్లోనూ "ఇంకా రాలేదమ్మా" అన్న మాటే చెబుతారు. అందుకే వైద్య మిత్రను ఇలా అడగండి: "మా కేసు నంబరు ఎంత? పెండింగ్‌లో ఏం రాశారో చదివి చెప్పండి." ఆ రాసిన వాక్యం తెలిస్తే పని మీ చేతిలోకి వస్తుంది. ఎకో తేదీ పాతదనో, సంతకం లేదనో, ఫొటో సరిగా లేదనో ఉంటుంది. చాలాసార్లు గంటలో తెచ్చి ఇవ్వగల కాగితమే, అడగక నాలుగు రోజులు మంచం మీద గడిచిపోతాయి.

రిజెక్ట్ అయితే కారణం కోడ్‌లో ఉందా, జబ్బులో ఉందా చూడాలి. తప్పు కోడ్ పెట్టి ఉంటే సరైన కోడ్‌తో మళ్లీ పంపవచ్చు. ఇది డాక్టరు చేయాల్సిన పని, వైద్య మిత్ర చేయలేరు.

గుండెపోటు, తలకు దెబ్బ లాంటి అత్యవసరాల్లో ఫోను మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వీలుంది. కార్డు వెంట లేదని చికిత్స ఆపకూడదు. కానీ మరుసటి రోజుకల్లా కార్డు, ఆధార్ తెచ్చి కేసు నమోదు చేయించాలి. ఇక్కడ పెద్ద పొరపాటొకటి జరుగుతుంది. కంగారులో నగదు కట్టి మామూలు బిల్లు కింద చేరిపోతారు, తర్వాత తెచ్చుకోవచ్చనుకుంటారు. ఈ పథకం ఆసుపత్రికే చెల్లిస్తుంది, రోగి కట్టిన బిల్లును తిరిగి ఇవ్వదు. చేరేటప్పుడే "ఆరోగ్యశ్రీ కింద" అని చెప్పి, అడ్మిషన్ కాగితం మీద అలా రాశారో లేదో చూడండి.

పైన డబ్బు అడిగితే

ప్యాకేజీలో మంచం, ఆపరేషన్, మత్తు, మందులు, ఇంప్లాంట్, భోజనం, ఇంటికి వెళ్లే దారి ఖర్చు, డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు కలిసే ఉంటాయి. కేసు నమోదయ్యాక ఆ జబ్బుకు చేసే పరీక్షలు కూడా అందులోవే. అయినా ఎందుకు అడుగుతారు? రేటు ఒక్కటే, ఖర్చు రోగిని బట్టి మారుతుంది కాబట్టి. అయిదు రోజుల్లో ఇంటికి పోయే రోగికీ, షుగరూ కిడ్నీ సమస్యా ఉండి పన్నెండు రోజులు ఐసీయూలో ఉండే రోగికీ కోడ్ ఒకటే, సొమ్ము ఒకటే. అందుకే కష్టమైన కేసును కొన్నిచోట్ల చేర్చుకోరు, చేర్చుకున్నా "మంచి రకం స్టెంట్" పేరుతో తేడా అడుగుతారు. కారణం అర్థం చేసుకోవచ్చు. కానీ పేద రోగి దగ్గర అలా తీసుకోవడం తప్పే, నిబంధనలకు విరుద్ధం కూడా.

అడిగినప్పుడు రసీదు ఇమ్మనండి, దేనికో రాయమనండి. ఆ ఒక్క మాటకే సగం అడగడాలు ఆగిపోతాయి. రసీదు ఇస్తే దాంతో 104కు ఫిర్యాదు చేయండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరి నుంచి కేంద్రం పరిమితి పెట్టింది, అప్పట్లో మందు పూత స్టెంట్‌కు 29,600 రూపాయలు. ఆ తర్వాత మారుతూ వచ్చినా పరిమితి ఉంది. మోకాలి ఇంప్లాంట్లకూ అదే ఏడాది ఆగస్టులో పెట్టారు, మామూలు రకానికి 54,720. "లక్షన్నర స్టెంట్" అనే మాట వింటే ఇది గుర్తుచేయండి. స్టెంట్ అయినా ప్లేటయినా పెట్టె మీది స్టిక్కరు కేస్ షీట్‌లో అంటిస్తారు. దానికి ఫొటో తీసుకోండి. అది లేకపోతే ఆసుపత్రికీ క్లెయిమ్ సొమ్ము కోస్తారు, రేపు మీకు ఎంఆర్ఐ తీయాల్సి వస్తే లోపల ఏ లోహం ఉందో చెప్పడానికీ అదే ఆధారం.

యాంజియోగ్రామ్ దగ్గర మాత్రం ముందే తేల్చుకోండి. అప్పటికింకా జబ్బు తేలదు, కోడ్ తెరుచుకోదు, అందుకే డబ్బు కట్టమంటారు. కట్టే ముందు "స్టెంట్‌కు అనుమతి వస్తే ఇది తిరిగి ఇస్తారా" అని వైద్య మిత్ర ఎదుటే అడగండి, రసీదు దాచుకోండి.

బకాయిల వల్ల సేవలు ఆగిన రోజుల్లో, వాయిదా వేయగల ఆపరేషన్లే ముందు ఆగుతాయి. మోకాలు, హెర్నియా, వినికిడి లాంటివి. అలాంటప్పుడు తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చోక, అవే రిపోర్టులతో కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో పేరు నమోదు చేయించండి. క్యాన్సర్, గుండె కేసుల్లో వారం కూడా ఆగకండి. ఒక ఆసుపత్రిలో అనుమతి తెరిచి ఉంటే రెండోచోట కేసు నమోదు కాదు; మొదటిచోట రద్దు చేయించుకుని రావాలి.

వేరే కార్డులవాళ్లు

కోరాపుట్, రాయగడ నుంచి వచ్చే ఒడిశావాళ్లకు ఆరోగ్యశ్రీ వర్తించదు. వాళ్ల రాష్ట్రంలో 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఆరోగ్య పథకమైన ఆయుష్మాన్ భారత్ అమల్లోకి వచ్చింది, ఆ కార్డుతో ఇక్కడ ఆయుష్మాన్ గుర్తింపున్న ఆసుపత్రిలో చేరవచ్చు. ఆరోగ్యశ్రీ డెస్క్ ఉంది కదా అని అడక్కుండా చేరకండి. ఆయుష్మాన్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఒకే మత్తులో రెండు మూడు ఆపరేషన్లు చేస్తే మొదటి దానికి పూర్తి రేటు, రెండో దానికి సగం, మూడో దానికి పావు మాత్రమే ఇస్తారు. రెండు మోకాళ్లకు వేర్వేరు తేదీలు ఇవ్వడం వెనుక వైద్య కారణంతోపాటు ఈ లెక్క కూడా ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి.

70 ఏళ్లు నిండినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్‌లో ఆదాయంతో పని లేదు. ఆధార్ ఉంటే వయ వందన కార్డు వస్తుంది, సొంత ఆరోగ్య బీమా ఉన్నా తీసుకోవచ్చు. సందేహాలకు ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు మాత్రం తమ సొంత ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్‌లో ఉండాలో ఆయుష్మాన్‌కు రావాలో ఒకటే ఎంచుకోవాలి, తొందరపడకండి. సీజీహెచ్‌ఎస్ రేట్లు 2025 అక్టోబరు 13 నుంచి దాదాపు 2,000 చికిత్సలకు మారాయి. నాణ్యతా గుర్తింపు లేని ఆసుపత్రికి 15 శాతం తక్కువ, పెద్ద సూపర్ స్పెషాలిటీకి 15 శాతం ఎక్కువ. ప్రత్యేక శస్త్రచికిత్సలకు రేటు పెంచే దారి ఇదే, మన పథకానికీ ఇలాంటి తేడాలు రావాలన్నది మా అభిప్రాయం.

ఈఎస్ఐవాళ్లు మల్కాపురం ఆసుపత్రి నుంచి రెఫరల్ లేకుండా నేరుగా ప్రైవేటుకు వెళ్తే, అత్యవసరమైతే తప్ప, సొమ్ము రాదు. రైల్వే, నేవీ, పోర్టు ఉద్యోగులకూ ముందు రెఫరల్, తర్వాతే అడ్మిషన్.

ఏ పథకంలోనూ కోడ్ దొరకని ఆపరేషన్‌కు ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఆపరేషన్‌కు ముందైతే ఆసుపత్రి ఎస్టిమేట్‌తో ఎల్‌ఓసీ (సొమ్ము చెల్లిస్తామని ఆసుపత్రికిచ్చే హామీ పత్రం), తర్వాతైతే అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ. రెండూ ఎమ్మెల్యే లేదా ఎంపీ కార్యాలయం ద్వారా వెళ్తాయి. జిరాక్సులు పనికిరావు. అసలువి ఇచ్చే ముందు మీరొక జిరాక్సు పెట్టుకోండి.

డిశ్చార్జి రోజు

తొందరలో సంతకాలు పెట్టకండి. సంతృప్తి పత్రం మీద, దారి ఖర్చు అందిందన్న కాగితం మీద సంతకం అడుగుతారు. సొమ్ము, మందులు చేతికి వచ్చాకే పెట్టండి. ఖాళీగా ఉన్న అంకె మీద వేలిముద్ర వేయకండి. డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ పేరు, ఇంప్లాంట్ వివరం, కేసు నంబరు, మళ్లీ రావాల్సిన తేదీ ఉన్నాయో చూడండి. గుండె, మెదడు, కిడ్నీ లాంటి కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాదిపాటు పరీక్షలు, మందులకు ఫాలోఅప్ అనే విడి ప్యాకేజీ ఉంటుంది. అది ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే తెరుచుకుంటుంది. చాలా కుటుంబాలు ఆ సంగతి తెలియక నెలనెలా మందులు బయట కొంటాయి, డబ్బు లేని నెల మానేస్తాయి. స్టెంట్ మళ్లీ మూసుకుపోయేది అప్పుడే. వెళ్లేముందు వైద్య మిత్రను అడగండి: "మా కోడ్‌కు ఫాలోఅప్ ఉందా? మొదటి తేదీ ఎప్పుడు?"